రవ్వ చూసి బాగుందన్నారు

మా ఊళ్ళో బ్యాటరీ బతికుందో చచ్చిందో తేల్చడానికి కొడవలి వాడేవారు.

మైకు సెట్టు నడిపే బ్యాటరీ అంటే లారీలకి పెట్టే బరువైన నల్లపెట్టె. పైన రెండు సీసం బొడిపెలు. ఒక బొడిపెకి కొడవలి మొదలు ఆనించి, మొన తిప్పి రెండోదాని మీద చర్రుమని గీకేవారు. నీలంగా రవ్వ లేచేది. ఇనుము కాలిన కంపు కొట్టేది. చుట్టూ ఉన్నవాళ్ళు ఓ అడుగు వెనక్కేసి, "ఆయ్, ఉందండీ ప్రాణం" అనేవారు. ఇంక ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చావబోయేవాడు కూడా ఒకసారి కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు. అది చూసి వాడికి కావిడి అందించి పొలం పంపిస్తామా? బ్యాటరీ రవ్వ ఇస్తుందా లేదా అన్నది కాదు లెక్క. ఇచ్చేక ఎంతసేపు నిలబడుతుందన్నది లెక్క. నిన్న రోజంతా పనిచేసింది ఇవాళ పూటకే అలిసిపోతోందంటే, రేపు నీ అవసరానికి అది లేనట్టే. అప్పుడే మార్చాలి. ఇంత చిన్నముక్క ఆ ఊరి బుర్రలోకి ఎక్కించబోయి నేనొక పన్ను పోగొట్టుకున్నాను. మా బావ అంతకంటే పెద్దదే పోగొట్టుకున్నాడు.

నేను బడికి వెళ్ళింది బహు తక్కువ. పకోడీలు చుట్టిచ్చిన కాగితాలు, ఎరువుల బస్తాల మీది అక్షరాలు, పాత రేడియోలతో పాటు వచ్చిన పుస్తకాలు చదివి నేర్చుకున్నవాణ్ణి. ఆ మాత్రం చదువు చూసే పంచాయతీ మైకు నా చేతికిచ్చేరు. ఒక ఆంప్లిఫయరు, ఒక వెండిరంగు బాకా, ఒక బ్యాటరీ. కరెంటు ఉన్నా లేకపోయినా మైకు పలకాలంటే బ్యాటరీయే గతి.

మా ఊరు కొత్తపేటకి అవతల, గోదారి గట్టుని ఆనుకుని ఉంటుంది. గట్టుకి ఎదురుగా పాయ మధ్యలో లంక. మా అక్కని ఆ లంకలోనే ఇచ్చేరు. అరటితోట, కంద, నాలుగు కొబ్బరిచెట్లు, గేదెలు. శ్రావణం వచ్చిందంటే గోదారి లేస్తుంది. ఎవడో ఒకడు పడవేసుకుని వచ్చి "వరదండోయ్, లేవండోయ్" అని అరిచేవాడు. లంకవాళ్ళు మూటలు కట్టుకుని గట్టెక్కేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి తీసేసేవి. ఈలోగా కేకేసినవాడి మనుషులే అరటిగెలలు నరుక్కుపోయేవారు. అలా మోసపోయి మోసపోయి, లంకవాళ్ళందరూ కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పంచాయతీ మైకు చెబితేనే వరద. మైకు చెప్పనిదే గేదె పలుపు విప్పకూడదు, ఇల్లు వదిలి పడవెక్కకూడదు.

అంటే ఆ లంకలో ఉన్న ప్రతి ప్రాణమూ నా చేతికిందున్న ఆ నల్లపెట్టె మీద ఆధారపడి ఉంది. మా అక్క ప్రాణంతో సహా.

ఆ పెట్టె కొత్తలో సింహం. పొద్దున్నే తీర్థానికి బాకా కట్టి పెడితే, జీళ్ళకొట్లవాళ్ళు సర్దుకుని పోయే దాకా ఒకే గొంతుతో పలికేది. మరుసటేడు సాయంత్రానికి బొంగురు పోవడం మొదలైంది. ఆ పైయేడు మధ్యాహ్నానికే. ఛార్జింగు కోసం సైకిలు వెనక కట్టుకుని కొత్తపేట తీసుకెళ్ళి, ఓ రోజు అక్కడ వదిలేసి తెచ్చేవాణ్ణి. దారిలో యాసిడ్ చిమ్మి నా పంచెలన్నీ చిల్లులు. తెచ్చేటప్పుడు పెట్టె పొయ్యి మీంచి దింపినట్టు వేడి. పెట్టెలోని ఆరు గదుల్లో ఒక గది నీళ్ళు మాత్రం ఎప్పుడు చూసినా ఎండిపోయి, బురద రంగులో ఉండేవి.

"ఆ గది పోయిందండి. మిగతావి దాని శవాన్ని మోస్తున్నాయి" అన్నాడు ఛార్జింగు కొట్టువాడు. వాడు నోటికి హద్దులేని మనిషి. "ఇంకోసారి దీన్ని నా కొట్టుకి తెస్తే నీ నెత్తిన పెట్టి పంపిస్తాను" అని కూడా అన్నాడు.

ఆ మాట వెళ్ళి ప్రెసిడెంటుగారికి చెప్పేను. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు.

"అమ్ముకునేవాడు పోయిందనక బాగుందంటాడ్రా?" అన్నారు.

"మూడు పాటలకి గొంతు పోతోందండి."

"మూడు పాటలు వింటున్నాం కదా. ఒరేయ్, కొడవలి పట్రా."

పాలేరు కొడవలి తెచ్చేడు. గీకేరు. రవ్వ లేచింది.

"చూసేవా? నీకంటే గట్టిగా ఉంది. నీ వయసుకి నిన్ను మార్చేమా?"

అరుగు మీదున్నవాళ్ళందరూ నవ్వేరు. నేనూ నవ్వి, ఆయ్ అండీ అని దిగిపోయేను. ఆ రోజుల్లో మాకు కోపం వచ్చినా అండీలు పోయేవి కావు.

ఆయన ధీమాకి అసలు కారణం వేరే ఉంది. ఊళ్ళోకి మొదటి టీవీ ఆయనింట్లోనే దిగింది. బొమ్మ మంచి పట్టులో ఉండగా కరెంటు పోయేది. పోగానే పాలేరు పరిగెత్తుకొచ్చి పంచాయతీ బ్యాటరీ భుజాన వేసుకుపోయేవాడు. బొమ్మ నాలుగు వైపుల నుంచీ ముడుచుకుని, ముడుచుకుని, ఆఖరికి ఆరిపోయే దాకా చూసేవారు. బ్యాటరీని అలా ఊపిరి అడుగంటే దాకా పిండితే, అది మళ్ళీ పూర్తిగా లేవదు. ఆ మాట ఆయనతో చెబితే, "పంచాయతీ ఎవరిదిరా? ప్రెసిడెంటు ఎవరు?" అనేవారు.

ఆ వేసవిలో మా ఊళ్ళో చెడుగుడు పోటీలు పెట్టేరు. పక్కూరివాళ్ళకీ మా ఊరివాళ్ళకీ ఆట. ఎండ నిప్పులు చెరుగుతోంది. గీత దాటేడు, దాటలేదు అని తగువు లేచింది. రిఫరీ నా దగ్గరికొచ్చి మైకు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే బాకా ఒకసారి గరగరమని మూగబోయింది. రిఫరీ నోరు ఆడుతోంది, మాట రావట్లేదు. వెనకవాళ్ళు ముందుకి తోసేరు. పందిరి గుంజలు పీకేరు. వెదుళ్ళు ఒళ్ళ మీద పడుతుంటే తాటాకు మీద వడగళ్ళు పడ్డట్టుంది చప్పుడు. ఒకడి చెవి సగం తెగి వేలాడుతుంటే, వాడది చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొడుతున్నాడు.

అందులో ఎవడో అరిచేడు, "మైకు ఆపి మా పాయింటు మింగేడ్రా వీడు!"

పక్కూరివాళ్ళు నా మీద పడ్డారు. మా ఊరివాళ్ళు వచ్చి కాపాడతారనుకున్నాను. వాళ్ళూ వచ్చి, అదే మాట అని, అదే కొట్టుడు కొట్టేరు. రెండూళ్ళకీ ఆ రోజు కుదిరిన రాజీ నా ఒంటి మీదే. నా మైకు స్టాండుతోనే నా దవడ మీద కొట్టేరు. పన్ను ఊడి నాలిక మీదికొచ్చింది. ఉమ్మేను.

పన్ను పోయినందుకైనా బ్యాటరీ మారుతుందనుకున్నాను. ప్రెసిడెంటుగారు వచ్చి, నెత్తుటి ఇసకలో నిలబడి, "ఏదీ కొడవలి" అన్నారు. రవ్వ లేచింది. "బ్యాటరీ బానే ఉంది. వీడికే వాడుక తెలీదు" అని తేల్చేరు.

నేనంతటితో ఊరుకోలేదు, మర్నాడు ఆయన అరుగు దగ్గరికే బ్యాటరీ మోసుకెళ్ళేను. బ్యాటరీ గదుల్లో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ కావాలండి, అదైనా తెప్పించండి అన్నాను.

"అంటే ఏంటది?"

"మట్టీ మషాణం లేని శుద్ధమైన నీళ్ళండి."

"కోనసీమలో పుట్టి శుద్ధమైన నీళ్ళకి సీసా కొంటావా? ఎవడి చెయ్యీ తగలని నీళ్ళు, దేవుడికి పోసే నీళ్ళు, చెట్టు మీద వేలాడుతుంటే?"

నేను అడ్డుపడే లోపలే పాలేరు కొబ్బరిబోండాం కొట్టి ఎండిపోయిన గదిలో పోసేశాడు. ఉప్పూ, పంచదారా ఉన్న నీళ్ళవి. గది బుసబుసమని నురగ కక్కింది. ఆ నురగ చూసి, "చూసేవా, ఎలా బలం పుంజుకుంటోందో" అన్నారు ప్రెసిడెంటుగారు. అరుగంతా ఆయ్ ఆయ్ అంది.

మా అక్క లంకలోంచి కూరగాయలు తెచ్చినప్పుడల్లా అడిగేది. "ఒరే తమ్ముడూ, మార్చేరా ఆ పెట్టె?"

"లేదక్కా. వరద మొదలైతే నువ్వు మాత్రం మైకు కోసం చూడకు. గట్టెక్కెయ్."

"నేనొక్కదాన్నీ కట్టుబాటు దాటితే రేపు నా గెలలకి ఎవడు కాపలా ఉంటాడు? మార్పించు. శ్రావణం లోపు మార్పించు" అనేది. మా బావ నవ్వేవాడు. మెల్లకన్ను మనిషి, నవ్వితే ఎటు చూస్తున్నాడో తెలిసేది కాదు. "నీ తమ్ముడి గొంతు చాల్లేవే, బ్యాటరీ ఎందుకు?" అనేవాడు.

శ్రావణం రానే వచ్చింది.

పైన వానలని, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని, రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పొద్దున్న కబురొచ్చింది. గట్టు మీదికి వెళ్ళి చూస్తే గోదారి ఎర్రగా, ఒరుసుకుంటూ పోతోంది. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. ఒక గడ్డిమేటు దాని మీద ఎక్కిన కోళ్ళతో సహా పోయింది. బ్యాటరీని నేను ముందురోజే కొత్తపేటలో పడేసి ఉన్నాను. కొట్టువాడు తిట్టుకుంటూ రాత్రంతా ఛార్జింగు పెట్టేడు. కబురు వినగానే వెళ్ళి దాన్ని తెస్తుంటే నా వీపుకి సెగ తగులుతోంది. గదుల్లో బుడబుడమని ఉడుకుతున్న చప్పుడు. మూతల సందుల్లోంచి ఘాటుగా వాయువు.

గట్టు మీద అప్పటికే జనం. మా బావ తన పడవలో ముందుజాగ్రత్తకి కొబ్బరిబోండాల గెలలు వేసుకొచ్చి ఒడ్డున పోసి, తిరిగి వెళ్ళబోతున్నాడు. అక్క లంకలో ఉంది. గేదెలు కట్టే ఉన్నాయి. లంకలో ఒక్కడు కూడా కదల్లేదు. కదలరు, మైకు పలకలేదు కదా.

బావ బ్యాటరీని దించి పడవ బల్ల మీద పెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. నేను తీగలు తగిలించేను. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"లంక గ్రామస్థులకి పంచాయతీవారి..."

అంతే. బాకా గరగరమంది. ఆంప్లిఫయరు మీది ఎర్రదీపం ఆరి నల్లబడింది. చచ్చింది.

ప్రెసిడెంటుగారు ఊగిపోతూ వచ్చేరు. "తీగలు సరిగా పెట్టలేదు వెధవ! రాత్రంతా ఛార్జింగు పెట్టిన బ్యాటరీ అది!" గడ్డిమోపుతో నిలబడ్డ ఒకడి మొలలోంచి కొడవలి లాక్కున్నారు.

"వద్దండీ! వాయువు కక్కుతోందండి! ఇప్పుడు రవ్వ పడకూడదండీ!" అని నేను మీదికి దూకేను.

పాలేరు నా మెడ పట్టుకున్నాడు. ఆయన వంగి కొడవలి గీకేరు.

రవ్వ లేచింది. ఆ రవ్వతో పాటే పిడుగు పడ్డట్టు చప్పుడు. పెట్టె పైకప్పు లేచిపోయింది. నల్లపెచ్చులు, సీసం ముక్కలు, యాసిడ్. ప్రెసిడెంటుగారు గీకేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటారు, ఎప్పుడూ అలవాటే. ఆయనకి మోచెయ్యి కాలింది. పెట్టెని రెండు చేతులా పట్టుకుని వంగి ఉన్నది మా బావ.

మనిషి అలా అరవడం అంతకుముందు నేను వినలేదు. మొహం పట్టుకుని గట్టు మట్టిలో పొర్లుతున్నాడు. చొక్కా చూస్తుండగానే దారాలై రాలిపోతోంది. గోదారి నీళ్ళు బురద. బావ పడవ నడిపే సరంగు, ముసలాయన, ఆలోచించలేదు. బోండాల గెల మీద పడి, కత్తితో తలలు ఎగరగొట్టి, ఒకదాని తర్వాత ఒకటి బావ కళ్ళల్లో పోయడం మొదలెట్టేడు. "రెప్ప తియ్యి! తియ్యరా! తియ్యకపోతే తన్నుతాను!" నేను బావ రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకున్నాను. నా వేళ్ళు కాలుతున్నాయి. బావ నా చెయ్యి కొరికేడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన సొంత తోటలో కాసిన బోండాలన్నీ ఆయన మొహం మీదే అయిపోయేయి.

లేచి వెళ్ళి ప్రెసిడెంటుగారి చెంప మీద కొట్టేను. రెండో దెబ్బకి ఆయన కూలబడ్డారు. మూడో దెబ్బ వెయ్యబోతే పాలేరూ ఇంకో ఇద్దరూ నన్ను పడేసి తెడ్డుతో వీపు చితక్కొట్టేరు. సరంగు మధ్యలోకొచ్చి అరిచేడు.

"కొట్టుకోడం తర్వాతండీ! గోదారి ఆగదండీ!"

కింద నుంచి బావ గొంతు. "నన్నొదిలెయ్యండ్రా. లంకకెళ్ళి దాన్ని తీసుకురండి. మైకు లేందే అది రాదు."

బావని సైకిలు మీద ఇద్దరు ఆసుపత్రికి తీసుకుపోయేరు. నేను బాకా వెనకున్న, శబ్దం పుట్టించే బరువైన యూనిట్టు విప్పి గోదాట్లోకి విసిరేశాను. మిగిలింది ఉత్త రేకు గొట్టం. దాన్నే పట్టుకుని పడవెక్కేను. సరంగు తెడ్డు వేశాడు. పడవ రెండుసార్లు తిరగబడబోయింది. ఒక తాటిమొద్దు వచ్చి గుద్దితే పక్కబల్ల చీలింది. సరంగు తిడుతూనే ఉన్నాడు, గోదారినీ, పంచాయతీనీ, నన్నూ, వరస తప్పకుండా.

లంక దగ్గరికొచ్చేసరికి అరటితోటలో నీళ్ళు నడుంలోతు. ఇళ్ళ ముందు నిలబడి జనం మా వైపే చూస్తున్నారు. బాకా నోటికి పెట్టుకుని పేగులు తెగేలా అరిచేను. "పంచాయతీ మైకు చెబుతోందండీ! వరదండీ! పలుపులు విప్పండీ!"

"అది మైకు గొంతు కాదు కదండీ" అన్నాడు ఒక పెద్దమనిషి నీళ్ళల్లో నిలబడి. ఆ నీళ్ళల్లో నిలబడి కూడా.

"మైకేనండీ" అంది మా అక్క. "మా తమ్ముడు ఎప్పుడూ ఇంతేనండి, మైకు ఉన్నా లేకపోయినా." అని కొడవలితో గేదెల పలుపులు తెగ్గోసింది. అది చూసి అందరూ కదిలేరు. రేకు గొట్టం కాకుండా ఉత్త చేతులతో వెళ్ళి ఉంటే వచ్చేవారా? నాకు నమ్మకం లేదు. పడవలు తిరుగుతూనే ఉన్నాయి, నేను అరుస్తూనే ఉన్నాను. ఆఖర్న నోట్లోంచి మాటకి బదులు నెత్తురు పడింది. మనుషులందరూ గట్టెక్కేరు. గేదెలు కొన్ని ఈదుకొచ్చేయి, కొన్ని పోయేయి. ఆ సాయంత్రానికి లంక మీద కొబ్బరితలలు తప్ప ఏమీ కనపడలేదు.

అక్క గట్టెక్కగానే అడిగింది. "మీ బావేడి?"

నాకు గొంతు లేదు. సరంగు చెప్పేడు, అంతా చెప్పేడు. పగిలిన పెట్టె చూపించేడు. గట్టు మట్టిలో చిల్లులు పడ్డ చొక్కాపేలికలు చూపించేడు.

అక్క చేతిలో గేదెల పలుపులు కోసిన కొడవలి ఇంకా అలాగే ఉంది. ఏడవలేదు. తడిచీర బిగించి ఊళ్ళోకి నడిచింది. వెనకాల మేము, మా వెనకాల లంక అంతా. ప్రెసిడెంటుగారు మోచేతికి వెన్న రాయించుకుంటూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పాలేరు అడ్డం వచ్చేడు. కొడవలి వెనకవైపుతో వాడి ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. గడప దాటి లోపలికెళ్ళింది. టీవీ ముందు నిలబడింది.

"ఏం చేస్తున్నావే!" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ప్రాణం ఉందో లేదో చూస్తున్నానండి" అంది.

కొడవలి మొన అద్దంలో దిగింది. పిక్చర్ ట్యూబు బ్యాటరీ కంటే చిన్నగా ఏం పేల్లేదు. గాజు గదంతా చిమ్మింది. అక్క నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. అది తుడుచుకోకుండానే ఆయన వైపు తిరిగింది.

"రవ్వ రాలేదండి. మార్చుకోండి."

పోలీసుల దాకా వెళ్ళలేదు. వెళ్తే చెడుగుడు నుంచి చెప్పుకోవాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. బావకి ఎడంకన్ను పోయింది. నవ్వితే ఎటు చూస్తున్నాడో ఆ తర్వాత అందరికీ తెలిసేది.

నీళ్ళు తీసిన పక్షానికల్లా కొత్త బ్యాటరీ వచ్చింది. అంతకాలం నిధుల్లేవన్న పంచాయతీకి ఎక్కడినుంచో నిధులు పుట్టేయి. పంచాయతీ ఆఫీసు ముందు పీట వేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేరు. నా గొంతు అప్పటికింకా కుదుట పడలేదు, ఒక పక్కన నిలబడ్డాను. బావ కంటికి గుడ్డ కట్టుకుని అక్క పక్కన. ప్రెసిడెంటుగారు ముందుకొచ్చి బొడిపెల మీద చెయ్యి వేసి చూసేరు. మొహం పక్కకి తిప్పుకున్నారు. అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి చాపి, "ఏదీ కొడవలి" అన్నారు.

చెయ్యి అలా చాపే ఉంచేరు. అక్కడ చాలామంది మొలల్లో కొడవళ్ళున్నాయి. ఎవరూ ఇవ్వలేదు.